టోపీలో రెండు చీటీలు

ఓట్లు సరిసమానంగా వచ్చాయి. వెండెల్ ప్రూయిట్‌కి రెండు వేల నూట నాలుగు, లైల్ హాగన్‌కీ అంతే. శాసనసభ సీటు ఎవరిదో కౌంటీ కోర్టు భవనంలో చీటీ తీసి తేల్చాలి.

హాగన్ పేరు వింటేనే వెండెల్‌కి కడుపు మండేది. ఇద్దరూ ఒకే ఏడాది లా పూర్తిచేశారు. హాగన్ కౌంటీ ప్రాసిక్యూటర్ అయ్యాడు, వెండెల్ అతని కింద సహాయకుడయ్యాడు. ఇరవై ఏళ్లు కేసులు తయారుచేసింది వెండెల్. పేపర్లో ఫొటో పడింది హాగన్‌ది. కాగితాలన్నీ తను రాయడం, అడుగున హాగన్ పేరు పెట్టడం. బతుకంతా అదే సరిపోయింది.

"ఆయన్ని తలుచుకున్నన్ని సార్లు నన్ను తలుచుకుంటే మన కాపురం ఎప్పుడో బాగుపడేది," అంది భార్య నోర్మా, కారు నడుపుతూ.

"ఇవాళ్టితో సరి. ఇక వాడి పేరెత్తితే ఒట్టు."

కోర్టు గుమ్మంలో హాగన్ కొత్త టోపీతో ఎదురొచ్చాడు. "రావోయ్ వెండెల్! ఎవరు గెలిచినా మధ్యాహ్నం భోజనం నా ఖర్చే."

ఆ మంచితనానికి వెండెల్‌కి ఇంకా ఒళ్లు మండింది.

క్లర్కు ఆల్మా ఇద్దరికీ చెరో చీటీ ఇచ్చింది. "ఎవరి పేరు వాళ్లు రాయండి. వెండెల్ గారూ, కాస్త అర్థమయ్యేలా! మీ ఎడమచేతి అక్షరాలు ఎప్పుడూ ఎడమపక్కకి ఒరిగి పడుకుంటాయి."

జనం నవ్వారు. హాగన్ కూడా నవ్వాడు. ఆ మొహం వంకే గుడ్లురిమి చూస్తూ వెండెల్ గబగబా రాసి, మడిచి, టోపీలో పడేశాడు. టోపీ కూడా హాగన్‌దే.

ఆల్మా కళ్లు మూసుకుని ఒకటి తీసింది. "లైల్ హాగన్."

చప్పట్లు మోగాయి. వెండెల్ బల్ల దగ్గరికి దూసుకొచ్చాడు.

"ఆగండి! టోపీ వాడిది. రెండో చీటీ కూడా విప్పండి!"

ఆల్మా విప్పింది. చదవడానికి తటపటాయించింది. "ఇదీ... లైల్ హాగనే."

గదంతా గుసగుసలు. హాగన్ మొహం పాలిపోయింది. వెండెల్ బల్ల గుద్దాడు. ఇరవై ఏళ్ల కడుపుమంట ఆ ఒక్క క్షణంలో చల్లారింది.

"చూశారా! నా చీటీ మార్చేశాడు, దొంగ! ఆ రాత ఎవరిదో అందరికీ చూపించండి!"

ఆల్మా చీటీ తెచ్చి అతని ముందే పెట్టింది: అక్షరాలన్నీ ఎడమపక్కకి ఒరిగి పడుకున్నాయి.