మూడో బాత్రూం

"లోపలెవరు? తలుపు తియ్యి!"

కనకలక్ష్మి కొత్త బాత్రూం తలుపు దబదబా బాదింది. ఇంటీరియర్ వాళ్లెందుకని, మాదాపూర్‌లోని తన ఇంటి మార్పులన్నీ తానే దగ్గరుండి చేయిస్తోంది.

ఇటుకలు మోసే సత్తెమ్మ బయటికొచ్చింది.

"బుద్ధుందా నీకు? మేమే ఇంకా వాడలేదు. బయటికెళ్లలేవూ?"

"యాడికి పోవాలమ్మా?" సత్తెమ్మ గొంతూ లేచింది. "మొన్నటిదాంక గుట్టల చాటుకు పోయినం. కంప్యూటరోళ్ల బిల్డింగులకని అన్నీ పేల్చిండ్రు. పొద్దుగాల మిమ్మల్నడిగితే, సాయంత్రం దాంక ఆగుమంటిరి."

"అయితే ఇందులోకి వస్తావా?"

"ఇంట్ల ఉండేది మీరు, సారు ఇద్దరే. గీ మూడోది ఎవరికమ్మా?"

"ఎప్పుడైనా వచ్చే చుట్టాలకి!"

"రోజూ వచ్చేది నేను గదమ్మా."

తలుపుకి వేద్దామని తెచ్చిన తాళాన్ని కనకలక్ష్మి వేయకుండానే కొంగున ముడేసుకుంది.

"నీళ్లు లేవందులో. బకెట్ పట్టుకెళ్లి పెట్టు," అంది, కోపం తగ్గకుండానే.