బోరింగు కాడ గసగసాల చెట్టు

పంచాయతీ మెంబరు తిమ్మప్ప గొడ్డలి తీసుకుని లక్ష్మీనరసమ్మ ఇంటి ముందున్న, గసగసాలంత గింజలుండే చిన్న ఎర్ర పండ్లు కాసే గసగసాల చెట్టు కిందికి వచ్చాడు. అది ఎనభై అయిదో సంవత్సరం నాటి కరువు. ఊళ్లో ఇంటికి రోజుకు రెండే బిందెలని, చెట్లకు చుక్క పోసినా ఊరుకోమని దండోరా వేయించింది ఆయనే.

"యాపచెట్లే మాడిపోతాండాయి. నీ చెట్టుకు ఎర్రగా పండ్లు యాడనుంచి వచ్చినాయి? బోరింగు ఇంటిముందరే ఉండాదని దొంగగా కొట్టుకుంటాండావా?"

లక్ష్మీనరసమ్మ చెట్టుకు అడ్డంగా నిలబడింది. "మూడేండ్ల కింద గోరంట్ల నుంచి మొక్క తెచ్చి నాటినా. నా రెండు బిందెలు ఇంట్లో ఉండాయి, పోయి చూసుకో. దీనిమీద ఒక్క దెబ్బ పడాలంటే ముందు నామీద పడాల."

"మరి నీళ్లు ఎవురు పోసినారు?"

"ఏనాడన్నా బిందె ఎత్తుకొని ఈడికి వచ్చింటే తెలిసేది కదప్పా నీకు."

బోరింగు దగ్గర వంతు కోసం ఆడవాళ్లు ఆ నీడలోనే కూర్చుని ఉన్నారు. వాళ్లలో వంతు వచ్చినామె లేచి వెళ్లింది. బోరింగు కొట్టి, బిందెలో చెంబెడు నీళ్లు పట్టి, గలగలా ఆడించి బిందె కడిగింది. ఆ నీళ్లు అక్కడే పారబోయకుండా, రోజూ అందరూ చేసినట్టే, పది అడుగులు నడిచి చెట్టు దగ్గరికి తెచ్చింది.

ఆమె తిమ్మప్ప భార్య.

"రెండేండ్లుగా అందరమూ పోస్తాండాము," అంది మొగుడితో. "కాళ్లు పక్కకు తియ్యి. పాదులో నిలబడినావు."