బూత్ వారి అబ్బాయి

"బూతా?" జయశ్రీ చేతిలో పకోడీల పళ్ళెం గాలిలోనే ఆగిపోయింది. "ఇంటిపేరే బూతా?"

సోఫాలో కూర్చున్న తెల్ల అబ్బాయి తన పేరు వినబడిందని మురిసిపోయాడు. "యెస్, బూత్! ఆలివర్ బూత్" అంటూ చేతులు జోడించాడు.

సహస్రకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆఫీసులో పక్క సీటువాణ్ణి ప్రేమించింది. ఇవాళ శుక్రవారం, అందరికీ సెలవు కదా అని ధైర్యం చేసి బహ్రెయిన్ జుఫైర్‌లో తమ ఫ్లాటుకి తీసుకొచ్చింది. నెలాఖరుకి ఆలివర్ ఇంగ్లండు వెళ్ళిపోతున్నాడు. ఈలోగా అమ్మ ఊఁ అంటేనే పెళ్ళి. నాన్న భానుమూర్తి "మీ అమ్మ సరేనంటే నాదేముందమ్మా" అని ముందే చేతులు దులిపేసుకున్నాడు.

"బూతు కాదమ్మా, బూత్."

"శుభలేఖలో ఏమని వేయిస్తావే? బూతు వారి అబ్బాయి అనా? మీ మేనత్త విజయరాణి ఆ కార్డు ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తుంది, వచ్చేపోయేవాళ్ళు పడీ పడీ నవ్వడానికి."

ఇదంతా జయశ్రీ చిరునవ్వు చెదరకుండానే అంది. ఎదుటివాడికి తెలుగు రానప్పుడు మొహం ఒక్కటీ కాస్త ప్రసన్నంగా పెట్టుకుంటే చాలు, ఎంత మాటైనా అనెయ్యొచ్చని ఆమె ధీమా.

"ఏమంటున్నారు ఆంటీ?" ఆలివర్ ఇంగ్లీషులో అడిగాడు.

"నీ ఇంటిపేరుకి అర్థమేమిటని," సహస్ర సర్దేసింది.

అడగడమే ఆలస్యం, ఆలివర్ ముందుకి జరిగి కూర్చున్నాడు. వెయ్యేళ్ళ కిందటి మాటట అది. డెన్మార్క్ నుంచి పడవలెక్కి వచ్చినవాళ్ళు ఇంగ్లండు ఉత్తరాన కాపురాలు పెట్టి, వాళ్ళ భాషలోని ఆ మాటని అక్కడ వదిలారట. వేసవి రాగానే పశువుల్ని తోలుకుని కొండమీద పచ్చికకి పోయేవాళ్ళు. అక్కడ తలదాచుకోడానికి వేసుకున్నదాన్ని బూత్ అనేవాళ్ళు. రానురాను అక్కడ ఉండేవాళ్ళకి అదే ఇంటిపేరైపోయింది. సహస్ర ఆ సంగతంతా తెలుగులో చెప్పింది, పడవల దగ్గర గొంతు పెంచి, పశువుల దగ్గర బాగా తగ్గించి.

జయశ్రీ చెవులు పశువుల దగ్గరే నిక్కబొడుచుకున్నాయి. "తలదాచుకోడానికి వేసుకున్నదంటే? మేడా?"

"కాదు. గుడిసె. పశువుల కాపరి గుడిసె."

జయశ్రీ పైకే నవ్వేసింది. "పడవలెక్కి వచ్చారంటే రాజులేమో అనుకున్నాను. గేదెలు కాసుకునేవాళ్ళన్నమాట! సిత్రా క్యాంపుల్లో కూలీలకైనా ఏసీ గదులున్నాయి కదే. వీళ్ళు వెయ్యేళ్ళై గుడిసె దాటలేదు. పైగా పతకం గెలుచుకున్నట్టు ఎలా చెప్పుకుంటున్నాడో చూడు!" అని అతని వైపు తిరిగి, పళ్ళెం ముందుకి జరిపింది. "తిను బాబూ, మొహమాటపడకు. మా ఇంట్లో గడ్డి దొరకదు."

"థాంక్యూ, ఆంటీ!" అని ఆలివర్ ఇంకో రెండు పకోడీలు తీసుకున్నాడు.

సహస్రకి ఒళ్ళు మండిపోయింది.

"అమ్మా, మన ఇంటిపేరేమిటి?"

"జి."

"జి అంటే?"

"జి అంటే జియ్యే. ఇప్పుడదంతా ఎందుకు?"

"నాన్నా, మీరు చెప్పండి."

భానుమూర్తి ఫోన్లోంచి తల ఎత్తాడు. భార్యని చూశాడు, కూతుర్ని చూశాడు, తప్పించుకునే దారి లేదని తేల్చుకున్నాడు. "గుడిసె," అన్నాడు మెల్లగా. "గుడిసె భానుమూర్తి."

"విన్నావా? నువ్వు గుడిసె వారి కోడలివి. గుడిసె జయశ్రీవి! కుదించి జి అని రాసుకున్నంత మాత్రాన మేడైపోతుందా? ఇంతసేపూ ఎవర్ని చూసి నవ్వావమ్మా?"

జయశ్రీ పళ్ళెంలో పకోడీలు సర్దడం మొదలుపెట్టింది. సహస్ర ఆ సందు వదల్లేదు.

"ఎక్కడో సముద్రాల అవతల పుట్టినవాడు మన ఇంటిపేరే పెట్టుకుని మన గుమ్మంలోకి వచ్చాడు. ఇంతకంటే మనవాడు నాకెక్కడ దొరుకుతాడు? మనవాడేనని ఒప్పుకోమ్మా!"

"అవునే జయా," భానుమూర్తికీ ఉత్సాహం వచ్చింది. "ఇన్నేళ్ళలో ఈ బహ్రెయిన్‌లో గుడిసె వారొక్కరైనా కనబడ్డారా మనకి?"

జయశ్రీ పళ్ళెం బల్లమీద పెట్టింది. ఆలివర్‌ని కిందనుంచి పైదాకా కొత్తగా చూసింది. ఇందాకటి వెటకారం మొహంలో ఎక్కడా లేదు.

"నిజంగా గుడిసేనటే? ఇంకోసారి అడుగు."

సహస్ర అడిగింది. ఆలివర్ గుండెమీద చెయ్యి వేసుకుని, ముమ్మాటికీ అదేనన్నట్టు తల ఊపాడు.

జయశ్రీ గబగబా దేవుడి అలమర దగ్గరికి వెళ్ళి కుంకుమ, అక్షింతలు తెచ్చింది. ఆలివర్ నుదుట బొట్టు పెట్టి, తలమీద నాలుగు అక్షింతలు వేసింది. "చల్లగా ఉండు నాయనా," అంది.

ఆలివర్ గుసగుసగా అడిగాడు. "ఒప్పుకున్నారా?"

"ఒప్పుకుంది!" సహస్ర కళ్ళు తుడుచుకుంది.

"ఏమే, అలా నిలబడిపోయావేం? ఇలా రా," జయశ్రీ కూతుర్ని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "ఒకే ఇంటిపేరంటే ఒకే రక్తం. తోడబుట్టినవాడు లేడే నీకని ఇన్నాళ్ళూ ఎంత కుమిలిపోయానో! అన్నయ్య కాళ్ళకి దండం పెట్టుకో."