ఫిస్టులా చెయ్యి

స్టీలు గ్లాసు శ్రీశైలమ్మ చెవి పక్కగా దూసుకుపోయి గోడకు కొట్టుకుంది. విసిరిన ఓబులయ్య మంచం మీంచి లేవలేడు. ఎడమ చేతికి రెండు సూదులు, పక్కన మిషను తిరుగుతోంది.

“ఇంకో గుక్క నీళ్లడిగితే డాక్టరమ్మ మాదిరి లెక్కలు చెప్తాదా, దొంగముండ!”

“గురి తప్పింది మామా,” పక్క మంచంలోని ధనుంజయ నవ్వాడు.

“ఇంటికి రానీ. మిగిలిన పళ్లు గూడా రాలగొడతా.”

నర్సు స్టెల్లా పళ్లు బిగించింది. శ్రీశైలమ్మ కుడి చెవి తమ్మె తెగిపోయి ఉంటుంది. కుడి చెంప ఎముక లోపలికి నొక్కుకుపోయింది. అవి ఎవరి చలవో వాళ్ల ఊరు అర్ధవీడు నుంచి వచ్చే వాళ్లందరికీ తెలుసు.

అయినా మొగుడి ఫిస్టులా చేతిని ఆమె చూసుకున్నట్టు మార్కాపురం డయాలసిస్ గదిలో ఎవరూ చూసుకోరు. డయాలసిస్ సూదుల కోసం ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చెయ్యి అది. మోటుగా వాడితే చిట్లుతుంది, చిట్లితే నెత్తురు ఆగదు. ఇళ్లల్లో ఆ చేతిని ఎలా కాపాడుకుంటున్నారన్నదే స్టెల్లా ఎమ్మెస్సీ పరిశోధన. చాలామంది చేతులు వాచో మూసుకుపోయో ఉన్నాయి. ఓబులయ్యది మాత్రం చెక్కుచెదరలేదు.

సూదులు తీశాక శ్రీశైలమ్మే దూది ఒత్తిపట్టింది. అతను రెండో చేత్తో ఆమె జుట్టు అందుకోబోయాడు.

“కదలబాక. నెత్తురు చిమ్మితే పొయ్యేది నువ్వే.”

ఓబులయ్య బిగుసుకుపోయాడు.

స్టెల్లా ఆమెను వరండాలోకి తీసుకుపోయింది.

“పెద్దమ్మా, ఇప్పటికీ కొడతన్నాడా?”

“ఆ చేతికి ఆపరేషన్ అయినకాడి నుంచి నోరే పాపా. కాలెత్తితే ఆయాసం.”

“ఇంత చేసినోడి చేతిని అంత పదిలంగా చూస్తావేంది?”

“చూడకుంటే ఎట్ల? బిందె ఎత్తనియ్యను. గొర్రెల కర్ర పట్టనియ్యను. చెయ్యి ఊపితే చచ్చిపోతావని పొద్దుగూకులూ చెప్తానే ఉంటా. చావంటే శానా భయం ఆయనకు.”

స్టెల్లాకు ఇలాంటి భార్యను తన పరిశోధనలో ఏ మాటతో రాయాలో తెలియలేదు.

“ఫిస్టులా ఆ చేతికే పెట్టాలని ఎవరన్నారు పెద్దమ్మా?”

“మీ వాళ్లే. ఏ చేత్తో తింటాడని అడిగినారు. కుడిచేత్తో అన్నా. అయితే ఎక్కువ వాడని చెయ్యి ఎడమదేనని దానికి పెట్టినారు.”

“అందరినీ అట్లే అడుగుతాం.”

శ్రీశైలమ్మ గది తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“కొట్టే చెయ్యి ఏదని మీరెవరూ అడగలేదు పాపా.”