ఎదురొచ్చిన మనిషి

ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు ఎగిరిపోతాయి; దొరికినవి ఇంట్లోవాళ్ళు దిద్దారు. ఎడమ చేత్తో రాస్తాను కాబట్టి నిదానం కూడా. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

"చొక్కా ఎత్తరా!"

కుర్రాడు ఎత్తేలోపే కానిస్టేబుల్ పిచ్చియ్య చెంప పగలగొట్టాడు. మొలలో దోపుకున్న కత్తి జారి కాలేజీ గేటు ముందు రాళ్ళ మీద ఖణేల్‌మంది. పిచ్చియ్య వాడి జుట్టు పట్టుకుని గేటు ఊచలకేసి కొట్టాడు. ముక్కు చితికింది.

"బోర్డు కనపడలేదంట్రా? ఆయుధమనేది లోపలికి పోగూడదు. పోయిన వారం మీరేసుకున్న బాంబులకి ప్యూను కన్ను పోయింది, చాల్లేదా?"

అది ఎనభై ఆరో సంవత్సరం. మాచర్ల దారిలో ఉన్న ఆ కాలేజీలో ఆ రోజు యూనియన్ ఎన్నికలకు నామినేషన్లు. వరసలో అందరి నడుములూ తడుముతున్నారు. పుస్తకాలు దులుపుతున్నారు. ఆడపిల్లల సంచులు కూడా విప్పి చూస్తున్నారు.

కాలేజీ ఊడ్చే గురవమ్మ గంప పట్టుకుని వచ్చింది. ప్రెసిడెంటుగా నిలబడుతున్న చిన్నకోటయ్య వరసలోంచి వంగి, తువ్వాలు చుట్టిన క్యారియర్ ఆమె గంపలో పెట్టాడు.

"పిన్నీ, కాస్త లోపలికి చేర్చు. ఈళ్ళు అన్నమంతా కెలికి చంపుతున్నారు."

ఆమెను చూడగానే పిచ్చియ్య మొహం తిప్పుకుని ఉమ్మేశాడు. బొట్టు లేని నుదురు, బోసి మెడ.

"పొద్దున్నే ఎదురొచ్చావేందే? పో, పో!"

గంపలోకి ఎవరూ చూడలేదు.

ల్యాబు వెనక చిన్నకోటయ్య క్యారియర్ అందుకుని మూత తీశాడు. పై గిన్నెల అడుగులు కోసేసి, లోపలంతా గొట్టంలా చేసి ఉంది. అందులో నాటు పిస్తోలు నిలువునా కూర్చుని ఉంది.

అతను అడుగున ఉన్న తూటా తీసి పిస్తోలులో పెట్టాడు.

"ఒక్కటే దొరికింది. ఇశ్రాయేలుగాడికి ఒకటి చాల్లే."

ఇశ్రాయేలు అతని మీద పోటీ చేస్తున్న రెంటచింతల కుర్రాడు. అంత పెద్ద కాలేజీలో కావాలని ఆమెకు ఎదురొచ్చి, "వందనాలు పిన్నీ" అనేవాడు అతనొక్కడే.

"వాడు నీకేం చేశాడయ్యా?"

"నా మీద నిలబడ్డాడు, చాలదా? నోరు తెరిచావంటే, దీన్ని లోపలికి తెచ్చింది నువ్వే. జైలుకి పొయ్యేదీ నువ్వే."

జైలు సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంది. గేటుకు పరుగెత్తింది.

"అయ్యా, చిన్నకోటయ్య కాడ పిస్తోలు..."

"మళ్ళీ మొహం చూపిస్తావేందే!" పిచ్చియ్య లాఠీ ఆమె పిక్కల మీద పడింది. "నా చేతుల మీదుగా అగ్గిపుల్ల కూడా పోలా. పిస్తోలంట, పిస్తోలు!"

కుంటుకుంటూ వెనక్కి వచ్చింది. ఆఫీసు మెట్ల మీద ఇశ్రాయేలు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చుట్టూ నినాదాలు. ఆమె కేక ఆ హోరులో కలిసిపోయింది. ఈ పక్క నుంచి చిన్నకోటయ్య తువ్వాలు కింద చెయ్యి పెట్టుకుని నడిచి వస్తున్నాడు.

గురవమ్మ అడ్డదారిన పోయి అతనికి ఎదురొచ్చింది.

చిన్నకోటయ్య ఠక్కున ఆగాడు. "థూ!" అని వెనక్కి తిరిగి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు.

ఆమె మళ్ళీ ఎదురొచ్చింది.

ఈసారి కడుపులో తన్నాడు. ఆమె గంపతో సహా బోర్లాపడింది. పెదవి చీలి నోరంతా రక్తమైంది. అయినా అతనికి కాలు ముందుకు పడలేదు. పళ్ళు కొరుకుతూ మళ్ళీ పంపు దగ్గరికే పోయాడు.

తిరిగి వచ్చేసరికి ఆమె దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"తప్పుకోవే, ముండమోపీ! నిన్నే కాలుస్తా."

గురవమ్మ రక్తం ఉమ్మేసి నవ్వింది.

"ముండమోపిని చూసి రెండుసార్లు కాళ్ళు కడుక్కున్నోడివి, నువ్వు కాలుస్తావా? నీ మొహానికి అది పేలుద్దా అసలు? అన్నం క్యారియర్‌లో తెచ్చుకున్నావు, చప్పరించుకో!"

వెనక ఎవరో కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు.

పేలింది.

నినాదాలు ఆగిపోయాయి. గురవమ్మ కుడి భుజం చీలి, ఎముక తెల్లగా కనపడి, అంతలోనే ఎర్రగా నిండిపోయింది. ఆమె మోకాళ్ళ మీద కూలబడింది. చిన్నకోటయ్య ఆమెను దాటుకుని మెట్ల వైపు ఉరికి, ఇశ్రాయేలు గుండెకు గురిపెట్టి నొక్కాడు.

టిక్కుమంది.

పిచ్చోడిలా మళ్ళీ నొక్కాడు. టిక్. అప్పటికి పిచ్చియ్య పరుగున వచ్చి లాఠీతో కొట్టిన దెబ్బకు అతని మోచెయ్యి విరిగింది. పిస్తోలు మెట్ల మీద దొర్లింది. మిగతా పోలీసులు అతన్ని కింద పడేసి బూటుకాళ్ళతో తొక్కారు.

ఇశ్రాయేలు వచ్చి గురవమ్మ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నామినేషను కాగితాలు ఆమె భుజానికి అదిమి పట్టాడు. అవి తడిసి ఎర్రబడుతున్నాయి.

"వాడికి ఎదురు పోయావేంది పిన్నీ? కాలుస్తాడని తెలవదా?"

"తెలుసు నాయనా." ఆమె మాట గాలిలా వచ్చింది. "వాడి కాడున్నది ఒక్కటే తూటా."

ఆమె కళ్ళు మూతపడ్డాయి.

రాసినది: గురవమ్మ. డెబ్బై ఏళ్ళు. ఇప్పుడు ఉండేది రెంటచింతలలో, ఇశ్రాయేలు మాస్టారి ఇంట్లో.