జడ్జి ఎల్స్‌వర్త్ క్యాసెట్

ఫెడరల్ అప్పీళ్ల కోర్టు జడ్జి ఎల్స్‌వర్త్ పోయాక ఆయన కాగితాలన్నీ విశ్వవిద్యాలయ గ్రంథాలయం నేలమాళిగకు చేరాయి. వాటిని సర్దుతున్న వెర్నా ఒకప్పుడు ఆయన దగ్గర టైపిస్టు. ఆ రాత్రి అట్టపెట్టెలో క్యాసెట్ దొరికితే టేప్ రికార్డరులో పెట్టి విన్నది.

“ఏమస్ ప్రూయిట్ అప్పీలు కొట్టేస్తున్నాం. మరణశిక్ష ఖాయం.”

జడ్జి గొంతే. ఆయన క్యాసెట్‌లో చెప్పిన ఆ తీర్పు విని టైపు చేసింది తనే. ఆ వారమే ప్రూయిట్‌కు శిక్ష అమలైంది. జడ్జి మాటల వెనకాల ఎవరో సన్నగా ఏడుస్తున్నారు.

కాపలాదారు లీలండ్ మెట్ల మీంచి కేకేశాడు. “ఇంకా ఇంటికి పోలేదా తల్లీ? ఆ ముసలాయన చచ్చినా నిన్ను వదలడా?”

“వస్తున్నా” అంటూ వెర్నా క్యాసెట్ ఆపేసింది.

జడ్జి గొంతు ఆగింది. ఏడుపు ఆగలేదు. అది బీరువాల మధ్య నుంచి మెల్లగా దగ్గరకొచ్చింది.

“ఇంకోసారి వినిపించమ్మా,” అన్నదొక మగగొంతు. “ఆయన చదివింది నా పేరేనా?”