సూర్యుడికి కాపలా ఎవరు?

ఆ రెల్లు మడుగులో బాతులన్నీ పొద్దు వాలగానే వరసగా చేరి పడుకునేవి. గట్టు మీద నక్క తిరుగుద్ది కదా, అందుకని వరస చివరి బాతు ఒక కన్ను తెరిచే ఉండాలి. ఆ చోటు ఎప్పుడూ ముసలి తాతదే.

ఎర్రటి పొద్దును చూస్తూ తాత రోజూ ఒకటే అడిగేవాడు: "సూర్యుడు నిద్రపోతాడా? పోతే మరి ఆయనకి కాపలా ఎవరు?"

"అబ్బ, మొదలెట్టాడ్రా బాబూ!" అనేది కుర్ర బాతు టింగరి. "తాతా, నీ వేదాంతానికి ఒక్క నత్తయినా రాలుద్దా? పడుకో!"

అన్నీ పకపకా నవ్వి, ఆ నవ్వులోనే నిద్రపోయేవి.

మొన్న వానాకాలం తాత పోయాడు. ఆ చోటు టింగరికొచ్చింది.

"ఓస్, ఇదో పనా!" అంది. చీకటి పడకముందే కునుకేసింది. రెల్లు గలగలమంటే ఉలిక్కిపడి చూసింది, నక్క మూతి రెండు బారల దూరంలో ఉంది! టింగరి కెవ్వుమని అరిస్తే నక్క పారిపోయింది గానీ, ఇక ఎవరికీ నిద్ర పట్టలా.

"మళ్లీ కునుకుతావేమోనే" అంది పక్కనున్న పిన్ని భయంగా.

టింగరి పడమటికి చూసింది. ఇంకా కాస్త ఎరుపు మిగిలుంది. తాత ఇక్కడే కూర్చుని ఇదే చూసేవాడు.

"పిన్నీ, సూర్యుడు నిద్రపోతాడా? పోతే మరి ఆయనకి కాపలా ఎవరు?"

ఎంత ఆలోచించినా జవాబు దొరకలేదు. కన్ను మాత్రం మూతపడలేదు.

"అబ్బ, మొదలెట్టిందిరా బాబూ!" అంది వరస మధ్యలోంచి ఓ పిల్ల బాతు.

అన్నీ పకపకా నవ్వి, ఆ నవ్వులోనే నిద్రపోయాయి.